వేడెక్కని ఇంజిన్

కరోనా ఆంక్షలన్నీ ఎత్తేసిన ఏడాది మార్చిలో నన్ను అనంతపురం నుంచి సోమందేపల్లెకు బదిలీ చేశారు. రిటైర్మెంటుకు అప్పటికి రెండేళ్లు కూడా లేవు. నేను పనిచేసిన డీలర్ సంస్థ అక్కడ హైవే పక్కన కొత్త వర్క్‌షాప్ తెరిచింది. దానికి నేను సర్వీస్ మేనేజర్‌ని. ఈ హోదాకు వచ్చాక స్పానర్ పట్టుకునే అవసరం పెద్దగా ఉండదు. బండి లోపలికి రాగానే సర్వీస్ అడ్వైజర్ జాబ్ కార్డ్ రాస్తాడు, టెక్నీషియన్లు పని చేస్తారు, వాళ్లకు తేలని కేసులు మాత్రం మేనేజర్ దగ్గరికి వస్తాయి. ఇది అలా వచ్చిన ఒక కేసు.

జాబ్ కార్డులో మొదటి గడి కస్టమర్ ఫిర్యాదుది. దాన్ని ఆయన మాటల్లోనే రాయాలని మా నియమం. అయితే అందులో లక్షణం ఉండాలి, తీర్పు ఉండకూడదు. "బ్రేక్ తొక్కితే కీచుమంటోంది" అన్నది లక్షణం. "బ్రేకులు అరిగిపోయాయి" అన్నది తీర్పు. తీర్పు ముందే రాసేస్తే టెక్నీషియన్ చూపు అటువైపే పోతుంది, మిగతావేవీ కనబడవు. ఆ రోజు పొద్దున అడ్వైజర్ కార్డు పట్టుకుని నా గదిలోకి వచ్చాడు. ఫిర్యాదు గడిలో "డ్రైవర్ డీజిల్ దొంగతనం చేస్తున్నాడు" అని రాయమని కస్టమర్ పట్టుబడుతున్నాడు, ఏం చేయమంటారని అడిగాడు.

బయటికి వెళ్లి చూశాను. కస్టమర్ పేరు వెంకటరెడ్డి. కొత్తచెరువు దగ్గర పల్లె. చీనీ (బత్తాయి) తోట ఉంది, కొంత రోడ్ల కాంట్రాక్టు పని ఉంది. బండి ఏడు సీట్ల డీజిల్ బండి. తోటకు ఎరువు బస్తాలైనా, పెళ్లికి బంధువులైనా, బెంగళూరు ఆసుపత్రికి ముసలివాళ్లయినా అందులోనే పోవాలి. పక్కన ఆయన భార్య సరోజమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. డ్రైవర్ యాకోబు కాస్త ఎడంగా, బండి వెనక చక్రం దగ్గర నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి. ఆ ఇంట్లో ఎనిమిదేళ్లుగా బండి నడుపుతున్నాడు.

"ఏమప్పా మేనేజరూ, రాసేదానికి మీకేం నొప్పి?" అన్నాడు వెంకటరెడ్డి. "లీటరుకు పద్నాలుగు ఇచ్చే బండి పదకొండు ఇస్తాండాది. మా తమ్మునిది ఇదే బండి, ఇదే రోడ్డు, పద్నాలుగు ఇస్తాండాది. మిగిలిన డీజిల్ యాడికి పోతాది? ఆవిరైపోతాదా?"

అది కనుక్కోవడానికే వర్క్‌షాప్ ఉందని చెప్పాను.

"కనుక్కునేది అయిపోయింది. వాన్ని వచ్చే సోమవారం గుడికాడ ప్రమాణానికి రమ్మన్నాం. రానంటాండాడు. దొంగ గాకపోతే ఒట్టుకెందుకు భయం?"

మా వైపు పల్లెల్లో ఈ ప్రమాణం ఇంకా బతికే ఉంది. ఎవరి మీదైనా దొంగతనం అనుమానం వస్తే అతను తలస్నానం చేసి, తడిబట్టలతో గుడి ముందు నిలబడి, వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి తాను తీయలేదని చెప్పాలి. చెప్పినవాడు నిర్దోషి, రానివాడు దొంగ. పోలీసు స్టేషన్ అక్కర్లేదు, సాక్షులు అక్కర్లేదు.

యాకోబును అడిగాను. అతను రెడ్డి వైపు చూడకుండా నాతోనే మాట్లాడాడు. "మా అయ్యగారు ఒట్టు పెట్టుకోవద్దంటాడు సార్." అయ్యగారంటే వాళ్ల చర్చి పాస్టర్. "గుళ్లోనే గాదు, మా చర్చిలో గూడా పెట్టుకోగూడదు. తీయలేదని ఈ అన్నకు చెప్పినా. ఎన్నిసార్లు అడిగినా అదే చెప్తా."

"బైబిల్ మీదనే పెట్టురా అంటి. అదీ పెట్టడంట!" అన్నాడు వెంకటరెడ్డి, తన ఔదార్యం కూడా వృథా అయిందన్నట్టు.

కాలేజీ రోజుల నుంచీ నేను ప్రమాణాల మీద, సోదెల మీద, తాయెత్తుల మీద వ్యాసాలు రాసినవాణ్ణి. సభల్లో వాదించినవాణ్ణి, రాళ్లు పడిన సభలోనూ ఉన్నవాణ్ణి. నా దృష్టిలో ఆ కర్పూరం కొలిచేది ఒక్కటే, మనిషిలోని భయాన్ని. భయం లేని దొంగ నవ్వుతూ ఆర్పి ఇంటికి పోతాడు. భయభక్తులున్న నిర్దోషి, చెయ్యి వణికినందుకు దొంగవుతాడు. ఏ వర్క్‌షాప్‌లోనైనా ఇలాంటి మీటర్ ఉంటే మరుసటి రోజే చెత్తలో పారేస్తాం. ఇక్కడ ఇంకో చిత్రం కూడా ఉంది. యాకోబు తన దేవుడి మాట విని ఒట్టు పెట్టుకోనంటున్నాడు. ఏ దేవుణ్ణీ నమ్మని నేనూ పెట్టుకోను. ఇద్దరం వేరు వేరు దారుల్లో వచ్చి ఒకే చోట నిలబడ్డాం, ఆ ఊరి లెక్కలో ఇద్దరమూ దొంగలమే.

కానీ వర్క్‌షాప్‌లో ఉపన్యాసాలకు చోటు లేదు. బండిని సోమవారం దాకా నా దగ్గర వదలమన్నాను. ఆ రోజుల్లో యాకోబు దాన్ని తాకకూడదు. మా మనుషులే నడుపుతారు, మా కళ్ల ముందే డీజిల్ పడుతుంది. అతను దూరంగా ఉన్నా మైలేజీ పదకొండే వస్తే జబ్బు బండిదే.

"పద్నాలుగు వస్తే?" అన్నాడు వెంకటరెడ్డి.

వస్తే అనుమానం బలపడుతుందని యాకోబు వింటుండగానే చెప్పాను. ఎటు తేలినా ఒప్పుకునే పరీక్షే పరీక్ష. యాకోబు తాళం చెవి నా చేతిలో పెట్టి, "చూడండి సార్" అన్నాడు. జాబ్ కార్డులో "మైలేజీ తగ్గింది" అని మాత్రం రాయించాను.

మైలేజీ కొలవడానికి నమ్మకమైన పద్ధతి ట్యాంకు నుంచి ట్యాంకు. బంకులో గన్ తనంతట తాను ఆగేదాకా నింపుతాం. తెలిసిన దారిలో తిరిగి వచ్చి, అదే బంకులో, అదే గన్‌తో, మళ్లీ అది ఆగేదాకా నింపుతాం. రెండోసారి పట్టిన డీజిల్ ఎంతో, తిరిగిన దూరానికి ఖర్చయింది అంత. డాష్‌బోర్డు మీద బండి చూపించే సగటును మేము లెక్కలోకి తీసుకోం.

ఆ పరీక్ష ఆ సాయంత్రమే చేయించాలనుకున్నాను. ఈలోగా మా సీనియర్ టెక్నీషియన్ ఖాదర్, బండి సర్వీసుకు వచ్చిందనుకుని, మామూలుగా చేసే పనులన్నీ చేసేశాడు. తప్పు పట్టలేం, అది అతని పని. ఎయిర్ ఫిల్టర్ విప్పితే పిడికెడు ఎర్రమట్టి రాలింది. తోట దారుల దుమ్ము అది. కొత్త ఫిల్టర్ వేశాడు. వెనక ఎడమ చక్రం ఎత్తి తిప్పితే స్వేచ్ఛగా తిరగలేదు, బ్రేకు కొంచెం పట్టి ఉంది. దాన్నీ సరిచేశాడు. టైర్లలో గాలి తక్కువగా ఉంటే నింపాడు. తర్వాత బండిని అనంతపురం దాకా నడిపించి తెచ్చి కొలిస్తే పన్నెండు వచ్చింది.

ఫోన్‌లో చెప్పగానే వెంకటరెడ్డి గొంతు లేచింది. "చూస్తిరా! వాడు దిగినాడు, మైలేజీ ఎక్కింది. ఇంకేం కావాల సార్ మీకు?"

ఈ తర్కాన్ని నేను సభల్లో వందసార్లు విన్నాను. తాయెత్తు కట్టారు, జ్వరం తగ్గింది. మధ్యలో మింగిన మాత్ర సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆయనకు అదే చెప్పాను. డ్రైవర్ మారాడు నిజమే, ఫిల్టరూ మారింది, బ్రేకూ వదులైంది. పెరిగిన ఒక్క కిలోమీటరు దేనివల్లో ఈ పరీక్ష చెప్పలేదు. కానీ ఇంకో విషయం చెబుతోంది. పద్నాలుగుకు ఇంకా రెండు తక్కువ ఉంది. యాకోబు బండి దరిదాపుల్లో లేడు. ఆ డీజిల్ ఎవరు తీశారు, నా టెస్ట్ డ్రైవరా అని అడిగాను.

"మీరు మాటలు బాగా చెప్తారు సార్. సోమవారం సోమవారమే" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

మరునాడు భార్యాభర్తలిద్దరూ ఆటోలో వచ్చారు. లిఫ్టు మీద ఉన్న బండి చుట్టూ ఆయన తిరుగుతూ, సొంత బండి ఉండి ఆటోలో తిరుగుతున్నందుకు ఎవరినో తిడుతున్నాడు. డీజిల్ పైపులు చూపించాం, ఎక్కడా తడి లేదు. ఇంజెక్టర్లు పరీక్షించాం, బాగున్నాయి. మాకు ఇక చూపించడానికి ఏమీ మిగలలేదు. అప్పుడు సరోజమ్మ, ఎటూ బండి విప్పారు కదా, హీటర్ కూడా చూడమని అడిగింది.

"ఏమే, అనంతపురం జిల్లాలో హీటర్ యాలమే నీకు?" అన్నాడు భర్త. ఖాదర్ కూడా నవ్వాడు.

"నవ్వండి. డిసెంబర్లో తెల్లారుజామున అత్తమ్మను బెంగళూరుకు పిల్చుకపోతిమే, అద్దం మీద మంచు పట్టి దారే కనపడలే. యాకోబు హీటర్ ఏసినాడు. చిక్కబళ్లాపురం దాటినా సల్లగాలే వచ్చె. ముసలామె వణికింది. నీకేం తెల్సు, నువ్వు ముందు సీట్లో దుప్పటి కప్పుకుని నిద్రపోతివి."

ఆ మాట విని నేను నవ్వలేకపోయాను. బండిలో హీటర్‌కు సొంత పొయ్యి ఏదీ ఉండదు. ఇంజిన్ చుట్టూ తిరిగే వేడినీళ్లే దానికి ఆధారం. కొత్తచెరువు నుంచి చిక్కబళ్లాపురం దాకా పరుగెత్తిన ఇంజిన్‌లో నీళ్లు కాగి ఉండాలి. చల్లగాలి వచ్చిందంటే హీటర్ చెడి ఉండాలి, లేదా అంత దూరం పోయినా ఇంజిన్ వేడెక్కకపోయి ఉండాలి.

స్కాన్ టూల్ తెప్పించాను. బండిలోని కంప్యూటర్‌కు ఏ సెన్సర్ ఏం చెబుతోందో తెర మీద చూపించే పరికరం అది. దాన్ని తగిలించి, ఖాదర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని నేనే హైవే ఎక్కాను. మధ్యాహ్నపు ఎండ, బయట గాలి నలభై డిగ్రీలు. ఇంజిన్ నీళ్లు తొంభై దగ్గర నిలవాలి. యాభై అయిదుకు వచ్చి అక్కడే ఊగుతున్నాయి. పెనుకొండ కొండ పక్కగా పోయినప్పుడు అరవై దాటాయి, మళ్లీ దిగాయి. మాకు రోజూ వేడెక్కి ఆగిపోయిన బండ్లే వస్తాయి. ఎండాకాలంలో అలా చల్లగా పరుగెత్తే ఇంజిన్‌ను చూడడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి.

తిరిగొచ్చి, నీళ్లు రేడియేటర్‌కు పోయే చోట మూత విప్పించాను. అక్కడ థర్మోస్టాట్ అనే చిన్న కవాటం ఉండాలి. అది లేదు. ఖాళీ.

"దాన్ని నేనే తీపిస్తిని కదా," అన్నాడు వెంకటరెడ్డి. దాచాలన్న ఆలోచనే లేదు ఆయనకు, గొంతులో గర్వం కూడా ఉంది. "రెండేండ్ల కిందట ఎండాకాలంలో బండి కాగిపోయి రోడ్డు మీద నిలబడింది. రోడ్డు పక్క మెకానిక్కు చూసి, ఈ వాల్వు చలిదేశాలకప్పా, మన ఎండలకు ఇది దండగ అని పీకి పారేసినాడు. అప్పటినుంచి వేడి చూపే ముల్లు కింద నుంచి లేస్తే ఒట్టు! మా తమ్మునికి గూడా తీపీమని చెప్తాండా, వాడు వింటే కదా."

రెండేళ్లుగా ఆ ఇంట్లో అందరూ డాష్‌బోర్డు మీద ఆ ముల్లు అడుగున ఉండడం చూసి సంతోషించారు. మా వర్క్‌షాప్‌లోనూ చూసినవాళ్లు చూసి ఊరుకున్నారు. మా నేలలో శత్రువంటే ఎండే. పంటను చంపేది అదే, మనిషిని చంపేది అదే. చల్లదనం కూడా జబ్బు కావచ్చని ఇక్కడ ఎవరికి తోస్తుంది?

ఖాదర్ నాతో వాదానికి దిగాడు. "సార్, ఆ మెకానిక్కు చెప్పింది తప్పు కాదు. నేను లారీల దగ్గర పనిచేసేటప్పుడు ఎన్ని పీకి పారేసినానో నాకే తెలీదు. ఒక్క లారీ అన్నా చచ్చిపోయిందా?" ఖాదర్ మంచి పనివాడు, తాయెత్తు కట్టడు, రాహుకాలం చూడడు. అయినా ఇది అతనికి నమ్మకం. గురువు చెప్పాడు, అందరూ చేస్తున్నారు, ఎవరూ కొలవలేదు. మూఢనమ్మకానికి ఇంతకు మించి ఏం కావాలి? గుడి దగ్గర కనిపిస్తే దాన్ని గుర్తుపట్టే నేను, అదే వర్క్‌షాప్‌లో గ్రీజు పూసుకుని తిరుగుతుంటే ఇన్నేళ్లూ పోల్చుకోలేదు.

క్యాంటీన్ నుంచి గిన్నె, స్టవ్ తెప్పించాను. స్టోరు నుంచి కొత్త థర్మోస్టాట్ తీసి, దారానికి కట్టి నీళ్లలో వేలాడదీశాను. పక్కన థర్మామీటర్ పెట్టాను. నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగినా కవాటం మూసుకునే ఉంది. ఎనభై దాటాక మెల్లగా తెరుచుకుంది. స్టవ్ ఆర్పితే మళ్లీ మూసుకుంది. సరోజమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని చూసింది.

వాళ్లకు చెప్పింది ఇదే. ఇది వేడి పుట్టించేది కాదు, వాకిలి లాంటిది. ఇంజిన్ కాగేదాకా మూసి ఉంచి, కాగినాక నీళ్లను రేడియేటర్‌కు వదులుతుంది. మనకు నలభై రెండు డిగ్రీలంటే అగ్గి. తొంభై దగ్గర బతకాల్సిన ఇంజిన్‌కు అది చలిగాలి. వాకిలి పీకేస్తే నీళ్లు ఎప్పుడూ చల్లారుతూనే ఉంటాయి. ఇంజిన్ ఇంకా కాగలేదని సెన్సర్ నిజమే చెబుతుంది. కంప్యూటర్ దాన్ని నమ్మి, తెల్లారి మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఇచ్చినట్టు రోజంతా అదనంగా డీజిల్ ఇస్తుంది. ఆయిల్ చిక్కగానే ఉండి ఇంజిన్ బరువుగా తిరుగుతుంది. రెండేళ్లుగా ఈ బండికి దారి పొడుగునా తెల్లవారుజామే.

"మరి అప్పుడెందుకు కాగింది?" అన్నాడు ఖాదర్. "వాల్వు బిగిస్తే మళ్లీ కాగుతాది సార్, చూడండి." ఆ ప్రశ్న సరైనదే. రేడియేటర్ విప్పితే లోపల గొట్టాలు సున్నపు గారతో సగం మూసుకుపోయి ఉన్నాయి. కంపెనీ చెప్పిన కూలెంట్‌కు బదులు తోటలోని బోరు నీళ్లు పోస్తూ వచ్చారు. ఎందుకలా అని అడిగితే వెంకటరెడ్డికి కోపం వచ్చింది. "మేం తాగుతాండేది అవే నీళ్లు. మాకు పనికొచ్చినవి బండికి పనికిరావా?"

కొత్త రేడియేటర్, కూలెంట్, థర్మోస్టాట్ వేశాం. బండి తాళం చెవి ఈసారి యాకోబుకు ఇచ్చాను. రెడ్డి పక్క సీట్లో, నేను వెనక కూర్చున్నాం. మామూలు దారిలోనే పోయాం. కొంత దూరం పోయాక ముల్లు లేచి మధ్యకు వచ్చింది. "ఆపరా, కాగుతాండాది!" అని రెడ్డి అరిచాడు. యాకోబు నా వైపు అద్దంలో చూసి, ఆపకుండా పోనిచ్చాడు. ముల్లు మధ్యలోనే నిలబడింది. బంకుకు తిరిగొచ్చి, గన్ ఆగేదాకా నింపి, లెక్క రెడ్డి చేతనే వేయించాను. పద్నాలుగుకు కాస్త తక్కువ వచ్చింది. ఆయన తన ఫోన్‌లో రెండుసార్లు కొట్టి చూసుకున్నాడు.

తర్వాత యాకోబు భుజం మీద చెయ్యి వేశాడు. "సరేలేరా. ఇంక నువ్వు ప్రమాణం చేయాల్సిన పని లేదు."

"అప్పుడు గూడా లేదన్నా," అన్నాడు యాకోబు.

గొంతు పెంచలేదు. భార్యాభర్తలను పల్లెలో దింపి, బండి నీడకు పెట్టి, తాళం చెవి సరోజమ్మకు ఇచ్చి వెళ్లిపోయాడట. ఆమే తర్వాత సర్వీసుకు వచ్చినప్పుడు చెప్పింది. రెండుసార్లు మనిషిని పంపినా రాలేదట. ఇప్పుడు పుట్టపర్తిలో ఎవరిదో స్కూలు బస్సు నడుపుతున్నాడు. బండికి మంచి డ్రైవరు దొరకలేదని, రెడ్డే నడుపుకుంటున్నాడని కూడా చెప్పింది.

అప్పట్లో ఈ కేసును నా విజయంగా లెక్కపెట్టుకున్నాను. కొత్తగా చేరిన అడ్వైజర్లకు శిక్షణలో చెప్పేవాణ్ణి కూడా: ఒకేసారి రెండు మార్చకండి, చల్లగా ఉన్నదంతా ఆరోగ్యం అనుకోకండి, అందరూ చేసేదాన్ని ఒకసారైనా కొలవండి. ఇవన్నీ నిజమే. కానీ యాకోబు అన్న మాట ముందు ఇవి చిన్నవి. సరోజమ్మ ఆ రోజు హీటర్ మాట ఎత్తకపోయినా, థర్మోస్టాట్ లేదని నేను కనిపెట్టలేకపోయినా, అతను డీజిల్ తీయలేదన్న వాస్తవం మారేది కాదు. నేను గిన్నెలో నీళ్లు కాచి అతని నిర్దోషిత్వాన్ని నిరూపించానని అనుకున్నాను. వెంకటరెడ్డి కర్పూరం పెట్టి నిరూపించమన్నాడు. నా పద్ధతి శాస్త్రీయమైనది, ఆయనది కాదు, ఆ తేడా పెద్దదే. అయినా ఇద్దరం నిరూపణ భారాన్ని యాకోబు వైపే పెట్టాం.

బండి వర్క్‌షాప్‌లోకి వస్తే అందులో తప్పు ఉందనుకునే మొదలుపెడతాం. లేకపోతే పని సాగదు. మనిషి విషయంలో అలా మొదలుపెట్టే హక్కు ఎవరికీ లేదు. దొంగ అన్నవాడే రుజువు తేవాలి. తేలేకపోతే మాట వెనక్కి తీసుకోవాలి, బండి బాగైనా కాకపోయినా.